ర్యాంపులో దొరికిన పుర్రె ముక్కని స్కానింగ్ కోసం ఫ్రాన్స్ పంపొచ్చా?

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఆత్రేయపురం వైపు ఇసుక ర్యాంపులో మనిషి పుర్రె పైకప్పులా ఉన్న ఎముక ముక్క ఒకటి మీ చేతికొచ్చింది. నల్లగా ఉంది, పట్టుకుంటే బరువుగా ఉంది. ఫ్రాన్స్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్న మీ పాత విద్యార్థి "గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలిచ్చే పెద్ద యంత్రం) ఉంది, గీత కూడా పడకుండా స్కాన్ చేయిస్తాను, సంక్రాంతికి వచ్చి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళ్తాను" అంటున్నాడు. ఆఫ్రికా దేశాలు హోమినిన్ శిలాజాల్నే, అంటే లక్షల ఏళ్ళనాటి మన పూర్వీకుల, వాళ్ళ దాయాదుల ఎముకల్నే, ఇలా పంపించి తెప్పించుకుంటున్నాయి కదా, మనకేంటి అడ్డం అని మీరడిగారు.

వద్దండి. సూట్‌కేసులో అసలే వద్దు, కొరియర్లోనూ వద్దు. అది నిజంగా హోమినిన్ శిలాజమే అయినా, దాన్ని దేశం దాటించే అధికారం మీకూ లేదు, మీ కాలేజీకీ లేదు. శిలాజం కాకపోతే గ్రెనోబుల్ దాకా పోవాల్సిన పనే లేదు. రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ముందు కాకినాడ మెడికల్ కాలేజీ చాలు.

నేను మ్యూజియంలో శిలాజాల సేకరణ చూసుకునే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. అరువిచ్చేటప్పుడు కాగితాలు రాయడం, ప్యాక్ చేయడం, ఒక్కోసారి పెట్టె ఒళ్ళో పెట్టుకుని విమానంలో వెళ్ళడం, తిరిగొచ్చాక లెక్క చూసుకుని బీరువాలో సర్దడం, ఇదే నా పని. హోమినిన్ ఎముక మాత్రం నా చేతిమీదుగా ఎప్పుడూ దేశం దాటలేదు. నావన్నీ ఏనుగు పళ్ళు, గుర్రం పళ్ళు. కానీ దారి అదే, తంటాలూ అవే.

ముందు చట్టం సంగతి. పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972లో సెక్షన్ 3 ప్రకారం పురావస్తువుని దేశం బయటికి పంపగలిగేది కేంద్ర ప్రభుత్వం, లేదా కేంద్రం అధికారమిచ్చిన సంస్థ. ఇంకెవరూ కాదు. మీరితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, దాని మీద జరిమానా. "ఎముక పురావస్తువు ఎలా అవుతుందండీ, చట్టంలో నాణేలు, శిల్పాలు అనే కదా ఉంది" అని మీ విద్యార్థి అనొచ్చు. ఆ జాబితా నాణేలతో ఆగిపోదు, చారిత్రక ఆసక్తి ఉన్న ఏ వస్తువైనా అన్న మాట కూడా ఉంది, వయసు వందేళ్ళు దాటితే చాలు. సందేహం వస్తే అది పురావస్తువో కాదో చెప్పాల్సింది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన పెద్ద అధికారి. వాళ్ళ మాటే ఆఖరు. మీరు, నేను, మీ విద్యార్థి కూర్చుని తేల్చుకునే విషయం కాదు. శిలాజాలతో సహా భూవారసత్వ సంపద కోసం ఒక బిల్లు ముసాయిదాని కేంద్ర గనుల శాఖ 2022లో బయటపెట్టింది. ప్రత్యేక చట్టం లేదు కాబట్టి అడ్డే లేదనుకోవడం మాత్రం పొరపాటు.

అవతలి ఒడ్డున కూడా గేటుంది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద 1970 నాటి యునెస్కో ఒప్పందంలో పురాజీవ శాస్త్ర ప్రాధాన్యమున్న వస్తువుల పేరెత్తి మరీ రాశారు. భారత్ 1977లో అందులో చేరింది, ఫ్రాన్స్ 1997లో చేరింది. పైగా యూరోపియన్ యూనియన్ సాంస్కృతిక వస్తువుల దిగుమతి నిబంధనలు 2025 జూన్ 28 నుంచి పూర్తిగా అమల్లోకొచ్చాయి. పరిశోధన కోసం, డిజిటల్ రూపంలో భద్రపరచడం కోసం తాత్కాలికంగా తెచ్చేవాటికి లైసెన్సు అక్కర్లేదని వాటిలో ఒక మినహాయింపుంది. మీ విద్యార్థి చదివింది బహుశా అదే. కానీ ఆ మినహాయింపు లైసెన్సు కాగితానికి మాత్రమే. పుట్టిన దేశం చట్టం మీరి తీసుకొచ్చిన వస్తువు మీద నిషేధం అలాగే ఉంటుంది.

ఏటీఏ కార్నే అనే పుస్తకం ఉంది కదా అని ఇంకొకరు కామెంట్లో రాశారు. అది కస్టమ్స్ సుంకం కట్టకుండా వస్తువుని తీసుకెళ్ళి ఏడాదిలోపు వెనక్కి తెచ్చుకోవడానికి. మన దేశంలో వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. వారసత్వ అనుమతికి అది బదులు కాదు.

ఇక ఆఫ్రికా వాళ్ళు ఎలా పంపారన్నది. మీ ప్రశ్నలో అసలు సారం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

వాళ్ళు ఊరికే పంపలేదు. 1998లో మానవ పురాజీవ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ఒక తీర్మానం చేసింది. బలమైన శాస్త్రీయ కారణం ఉంటే తప్ప అసలు హోమినిన్ శిలాజాల్ని పుట్టిన దేశం దాటించొద్దు, ప్రదర్శనలకి నకళ్ళు పంపండి అని దాని సారాంశం. 2007లో ఇథియోపియా లూసీ అనే పేరున్న తన హోమినిన్ అస్థిపంజరాన్ని అమెరికా పర్యటనకి పంపినప్పుడు అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియం లాంటి సంస్థలు మాకొద్దన్నాయి. ఆ పర్యటన మధ్యలోనే, 2008లో, లూసీ ఎముకల్ని ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పది రోజులపాటు స్కాన్ చేశారు, ముప్ఫై అయిదు వేలకు పైగా చిత్రాలొచ్చాయి. చెట్టు మీంచి పడి చనిపోయి ఉంటుందన్న 2016 నాటి వాదానికి ఆ స్కాన్లే ఆధారం. వాదం ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు, అది వేరే సంగతి. స్కాన్ విలువ మాత్రం ఎవరూ కాదనలేదు.

దక్షిణాఫ్రికా పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. లిటిల్ ఫుట్ అని స్టెర్క్‌ఫాంటీన్ గుహలో దొరికిన దాదాపు పూర్తి అస్థిపంజరం ఉంది. వయసు ముప్ఫై ఆరు లక్షల ఏళ్ళ పైమాట అంటారు, దాని మీదా గొడవలున్నాయి. దాని పుర్రెని ముందు జోహన్నెస్‌బర్గ్‌లో తమ సొంత మైక్రో సీటీ యంత్రంలోనే (ఆసుపత్రి సీటీ కన్నా సన్నటి వివరాలు చూపేది) స్కాన్ చేశారు. మెదడు గూడు ఆకారం మీద పేపర్ రాసుకున్నారు. ఆ యంత్రంలో తేలని సన్నటి వివరాలు కొన్ని మిగిలాయి. వాటి కోసమే 2019లో పుర్రెని ఇంగ్లండ్‌లోని డైమండ్ సింక్రోట్రాన్‌కి తీసుకెళ్ళారు. అది ఆ దేశం దాటడం అదే మొదటిసారి. అంతకుముందు 2010లో సెడిబా అనే ఇంకో దక్షిణాఫ్రికా హోమినిన్ పుర్రె గ్రెనోబుల్ వెళ్ళింది. ముందు ఇంట్లో స్కాన్, అందులో తేలని ప్రశ్న, ఆ ప్రశ్న కోసం ప్రయాణం. మీ విద్యార్థి ప్రతిపాదనలో ఆఖరిది ముందుకొచ్చింది, మొదటి రెండూ లేనే లేవు.

అక్కడ కూడా అనుమతి ఇచ్చినంత మాత్రాన అంతా సవ్యమని కాదు. 2023 సెప్టెంబరులో సెడిబా కాలర్ బోన్‌ని, హోమో నలేడి అనే మరో హోమినిన్ చేతి బొటనవేలి ఎముకని వర్జిన్ గెలాక్టిక్ రాకెట్ విమానంలో అంతరిక్షం అంచుదాకా తిప్పి తెచ్చారు. కాగితం మీద అనుమతి ఉంది. శాస్త్రం ఏముంది అందులో? ప్రపంచమంతా దుమ్మెత్తిపోసింది, నేను ఆ పోసినవాళ్ళ పక్షమే.

సింక్రోట్రాన్ ఎందుకంత గొప్పంటే, గుహల్లో దొరికే పుర్రెల్లో ఎముక, దాని లోపల గట్టిపడిన రాయి దాదాపు ఒకే సాంద్రతలో ఉంటాయి. ఆసుపత్రి సీటీకి రెండూ ఒకేలా కనబడతాయి. సింక్రోట్రాన్ కిరణం ఆ రెంటి మధ్య అంచుని పట్టుకోగలదు. పంటి ఎనామెల్‌లో రోజుకొకటి చొప్పున పడే పెరుగుదల గీతల్ని కూడా చూపిస్తుంది, పిల్లాడు ఎన్ని రోజుల వయసులో పోయాడో లెక్కపెట్టేంతగా. ఆసుపత్రి యంత్రం ముక్కలు అర మిల్లీమీటరు మందం, సింక్రోట్రాన్‌వి దాంట్లో వెయ్యో వంతు దాకా వెళ్తాయి. మన దేశంలో ఇండోర్‌లో ఇండస్-2 ఉంది, ఎక్స్‌రే చిత్రాలు తీసే ఏర్పాటూ ఉంది. కాకపోతే శక్తిని కొలిచే లెక్కలో అది 2.5 జీఈవీ యంత్రం, గ్రెనోబుల్‌ది 6 జీఈవీ. మందమైన రాతి ముద్దని చీల్చుకుని చూడాలంటే గ్రెనోబులే మేలు. చిన్న పంటి ముక్కకి ఆ మాట చెప్పక్కర్లేదు. మామూలు మైక్రో సీటీ యంత్రాలు మన ఐఐటీల్లో, జాతీయ పరిశోధన సంస్థల్లో ఉన్నాయి.

"గీత కూడా పడదు" అన్న మాట గురించి. గీత పడదు, నిజమే. కానీ నష్టం లేదంటే ఏ నష్టం లేదని అడగాలి. ఎక్స్‌రే మోతాదు 2000 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) దాటితే ప్రాచీన డీఎన్‌ఏ పాడవడం స్పష్టంగా కనిపిస్తుందని, 200 గ్రే లోపు చెప్పుకోదగ్గ ప్రభావం లేదని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. ఆసుపత్రిలో తల సీటీకి పడేది సుమారుగా ఒక గ్రేలో ఇరవయ్యో వంతు, దానికి భయపడక్కర్లేదు. సింక్రోట్రాన్‌లో మాత్రం ఎలా పెట్టారన్నదాన్ని బట్టి ఆ హద్దు దాటిపోవచ్చు. ఇంకోటి, పంటి ఎనామెల్‌లో వేల ఏళ్ళుగా పోగైన రేడియేషన్ కొలిచి వయసు కట్టే పద్ధతి ఉంది. మనం స్కాన్ పేరుతో దానికి మరింత కలిపితే ఆ లెక్క చెడిపోతుంది. అందుకని నమూనా తీయాల్సింది ఏదైనా ఉంటే ముందే తీయాలి, లేదా ఎంత మోతాదు పడిందో రాసిపెట్టుకోవాలి. న్యూట్రాన్ స్కాన్ అయితే వస్తువు కొంతకాలం స్వల్పంగా రేడియోధార్మికంగా మారుతుంది, చల్లారేదాకా అక్కడే ఉంచుకుంటారు. పాత జిగురు పూసిన ఎముకల్లో హైడ్రోజన్ ఎక్కువ కాబట్టి ఆ చిత్రంలో జిగురే ముందు కనబడుతుంది.

ఇవన్నీ చెప్పాక కూడా, నా అనుభవంలో శిలాజాన్ని చంపేది కిరణం కాదు, చెయ్యి. ఇండోనేసియాలో దొరికిన హోమో ఫ్లోరేసియెన్సిస్ అనే పొట్టి హోమినిన్ ఎముకలు దేశం దాటలేదు, ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి వెళ్ళి 2005లో తిరిగొచ్చాయి. అచ్చులు తీయబోయి కటి ఎముక చితికింది, దవడ విరిగింది.

ప్యాకింగ్ ఎలా ఉండాలో ఒక్కటి చూపిస్తాను. ఫోమ్ దిమ్మలో శిలాజం ఆకారానికి గుంట కోస్తాం, బిగువుగా కాదు, దాని బరువు బలమైన భాగం మీద ఆనేలాగ. సన్నటి అంచులు దేనికీ తగలకూడదు. మధ్యలో ఆమ్లం లేని టిష్యూ. దూది పెట్టకూడదు, నూలు పోగు పగులులో ఇరుక్కుని తీసేటప్పుడు రవ్వని లాక్కొస్తుంది. ఆ డబ్బా ఇంకో పెద్ద పెట్టెలో, చుట్టూ మళ్ళీ ఫోమ్. లోపల తేమని, కుదుపుని రాసుకునే చిన్న మీటరు. విమానాశ్రయం ఎక్స్‌రే వల్ల ఏమీ కాదు. భద్రతా సిబ్బంది పెట్టె విప్పి వేలితో నొక్కి చూస్తేనే ప్రమాదం. అందుకే ముందుగా ఉత్తరం రాసి, గదిలో మన చేత్తోనే తెరిచేలా ఒప్పించుకుంటాం.

అసలు తలనొప్పి వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. ఒకసారి ఏనుగు జాతి పళ్ళు, దవడ ముక్కలు మైక్రో సీటీకి యూరప్ వెళ్ళి వచ్చాయి. కాగితాలు నేను రాసినవి కావు, తీసుకురావడం మాత్రం నా వంతు. వెళ్ళినప్పుడు వివరం కాలమ్‌లో "శిలాజ నమూనాలు, ఒక పెట్టె" అని ఉంది. తిరిగొచ్చాక అధికారి పెట్టె చూసి "వెళ్ళినవి ఇవేనని రుజువేంటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు. పెట్టె గోదాములో ఉండిపోయింది. వానాకాలం, ఏసీ లేదు. విడిపించుకునేసరికి ఒక పంటి వేరు దగ్గర పాత జిగురు మెత్తబడి అతుకు వదిలేసింది. ఆ తర్వాత నేను చూసిన ఏ అరువులోనైనా ప్రతి ముక్కకీ నంబరు, నాలుగు వైపుల నుంచి స్కేలు పెట్టి ఫోటో, గ్రాముల్లో బరువు, ఉన్న ప్రతి పగులూ ఫోటో మీద ఎర్ర సిరాతో గుర్తు. అనుమతి పత్రానికి అదే జత. వెళ్ళేటప్పుడు కస్టమ్స్ ముద్ర దాని మీదే పడాలి.

ఇంకొకటి, ఎవరూ ముందు అడగనిది. పెట్టె తిరిగొస్తుంది, డేటా తిరిగిరాదు. స్కాన్ ఫైళ్ళు ఎవరివి, ఎక్కడ ఉంటాయి, ఎంతకాలం తర్వాత అందరికీ తెరుస్తారు, త్రీడీ ప్రింట్లు అమ్ముకోవచ్చా, పేపర్ మీద మన పేర్లుంటాయా, ఇవి పెట్టె కదలకముందే ఒప్పందంలో రాసుకోవాలి. ఎముక మనదే అయి, దాని గురించి తెలిసినదంతా అవతలి హార్డ్ డిస్కులో ఉంటే, మళ్ళీ చూడాలన్నప్పుడు మనమే అక్కడికి అర్జీ పెట్టుకోవాలి. నా మటుకు నాకు, తాత్కాలిక ఎగుమతిలో శాశ్వతంగా పోయేది ఇదొక్కటే.

సరే, మీ ముక్క దగ్గరికొద్దాం. మిమ్మల్ని నీరుగార్చాలని కాదు గానీ, అది హోమినిన్ అయ్యే అవకాశం చాలా చాలా తక్కువ. మన డెల్టా పసి నేల. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ చీలాక కనబడే ఈ పైపొరల మట్టి, ఇసుక సముద్రమట్టం ఇప్పటి స్థాయికి వచ్చి నిలబడ్డాక, గత ఆరేడు వేల ఏళ్ళలో నది తెచ్చి పోసినవి. మన దేశంలో పేరున్న ప్రాచీన మానవ పుర్రె నర్మద ఒడ్డున హత్నోరాలో 1982 డిసెంబరు 5న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకి చెందిన అరుణ్ సోనాకియాకి దొరికింది. అక్కడ పాత కంకర పొరలు బయటపడి ఉన్నాయి. గోదావరికీ ఎగువన మహారాష్ట్రలో అలాంటి పొరలున్నాయి, ఏనుగు, ఎద్దు జాతుల శిలాజాలు దొరికాయి. అక్కడి ముక్క దొర్లుకుంటూ ఇక్కడిదాకా వచ్చిందంటే అంచులన్నీ అరిగి గుండ్రాయి అయిపోవాలి. మీరు పెట్టిన ఫోటోలో అంచులు పదునుగా ఉన్నాయి.

నల్లగా ఉండటం వయసుకి గుర్తు కాదు. రేవడి మట్టిలో ఇనుము, మాంగనీసు పట్టి కొద్దికాలానికే ఎముక నల్లబడుతుంది. బరువు కొంత ఆలోచించాల్సిన విషయమే, కానీ సూక్ష్మ రంధ్రాల్లో ఇసుక, నీరు నిండినా బరువే. పుర్రె అని నాకు చూపించినవాటిలో ఎక్కువ తాబేలు డిప్ప ముక్కలు, వాటి అతుకులు అచ్చం మనిషి పుర్రె కుట్లలాగే ఉంటాయి. తర్వాత పశువుల నుదురు ఎముకలు. ఒకాయన నానిన కొబ్బరి చిప్ప తెచ్చాడు, కోనసీమలో అది తప్పదు.

నిజంగా మనిషిదే అయితే ముందు అడగాల్సింది ఎన్ని వేల ఏళ్ళనాటిదని కాదు, ఎవరిదని. ఏటి ఒడ్డు శ్మశానాలు, వరదలు, తప్పిపోయినవాళ్ళు. కాబట్టి మొదట మీ ఎస్సైకి, తహసీల్దారుకి రాతపూర్వకంగా చెప్పండి, అందినట్టు సంతకం తీసుకోండి. దొరికిన చోటు ఫోన్‌లో లొకేషన్‌తో సహా, ఎంత లోతు, ఎవరి కంటబడింది అన్నీ రాయండి. యంత్రం తవ్విందైతే లోతు నమ్మకంగా తెలియదు, అదీ రాయండి.

ముక్కని కడగొద్దు, ఎండలో పెట్టొద్దు. తడి ఎముక ఎండ తగిలితే పూతరేకులా పొరలు లేస్తుంది. కాస్త తడి ఇసుకతోనే, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో నీడన ఉంచి నెమ్మదిగా ఆరనివ్వండి. ఫెవికాల్, వార్నిష్ జోలికి పోకండి. చేతులకి తొడుగులు వేసుకోండి, రేపెవరైనా డీఎన్‌ఏ చూస్తామంటే మీదే దొరుకుతుంది.

పోలీసుల ద్వారా అది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ విభాగానికి వెళ్తే మనిషిదో కాదో అక్కడే తేలిపోతుంది. అనుమతి వచ్చాక సీటీ తీయించండి. స్కానింగ్ సెంటర్లో పేషెంట్లు అయిపోయాక అడిగితే సాధారణంగా కాదనరు. ఎముకల సెట్టింగ్, అతి సన్నటి ముక్కలు, వస్తువుకి సరిపడా చిన్న చట్రం అని టెక్నీషియన్‌కి చెప్పండి. ఫిల్మ్ వద్దు, కంప్యూటర్లో చూసుకునే డైకామ్ ఫైళ్ళే కావాలనండి. పేషెంట్ వయసు అడుగుతుంది ఆ సాఫ్ట్‌వేర్, మూడంకెలు మించి తీసుకోదు, ఏదో ఒకటి వేయండి. ఆ చిత్రాల్లో పుర్రె గోడ మందం, రెండు పలకల మధ్య స్పాంజిలాంటి పొర, రంధ్రాల్లో ఖనిజం నిండిందా ఖాళీయా, అన్నీ కనబడతాయి. ఖనిజం నిండి, మనిషి జాతిదే అనిపించి, గోడ మరీ మందంగా ఉంటే అప్పుడు విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ ఆంత్రోపాలజీ విభాగానికి, హైదరాబాద్‌లోని భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయానికి ఉత్తరం రాయండి. యాభై వేల ఏళ్ళలోపుదైతే రేడియోకార్బన్ పరీక్ష ఢిల్లీ, అహ్మదాబాద్‌లలో ఉంది. కాకపోతే మన వేడికి, తేమకి ఆ పరీక్షకి కావాల్సిన కొలాజెన్ అనే ప్రోటీన్ ఎముకలో మిగలడం కష్టం. పైగా అది ముక్క కోసే పరీక్ష, సీటీ తర్వాతే.

మీ విద్యార్థిని నిరుత్సాహపరచకండి, అతని అవసరం రావచ్చు. గ్రెనోబుల్‌లో యంత్రం సమయం అడగ్గానే ఇవ్వరు, ఏడాదికి రెండు విడతలు ప్రతిపాదనలు పిలుస్తారు, నిపుణుల కమిటీ చదువుతుంది. "ఇక్కడి స్కాన్‌లో ఇది తేలలేదు, మీ దగ్గర ఇది తేలుతుంది" అని రాయగలిగితేనే ముందుకెళ్తుంది. సీటీ ఫైళ్ళు చూసి ఆ వాక్యం అతను రాయగలడేమో అడగండి. ఫైళ్ళకి సూట్‌కేసు అక్కర్లేదు.

ఈలోగా స్కేలు పక్కన పెట్టి, లోపలి వైపు కూడా కనబడేలా, పగటి వెలుగులో ఇంకో నాలుగు ఫోటోలు ఇక్కడ పెట్టండి. తాబేలు అయితే నేనే చెప్పేస్తాను.